బాత్రూమ్ గ్లాస్ తలుపు: టైల్స్ అంటించాకే కొలత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బెంగళూరు నుంచే, అవీ బాత్రూమ్‌ల గురించే. పాత ఫ్లాట్ కొనుక్కుని పదేళ్ళ కిందటి బాత్రూమ్ పగలగొట్టి మళ్ళీ చేయించుకుంటున్నవాళ్ళు రాసినవి. అందుకని నాలుగు ప్రశ్నలూ ఒకే విషయం మీద తీసుకున్నాను. మొదటి జవాబు పొడుగ్గానే ఉంటుంది, డబ్బు పోయేది అక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడం, మాది మారతహళ్లిలో పన్నెండేళ్ళ నాటి ఫ్లాట్. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న బాత్రూమ్ పూర్తిగా మార్పిస్తున్నాం. స్నానం చేసే చోటికి గ్లాస్ తలుపు పెట్టిద్దామని మావారి ఆలోచన. కాంట్రాక్టర్ ఇప్పుడే కొలత తీసుకుంటాను, టైల్స్ అయ్యేసరికి గ్లాస్ వచ్చేస్తుంది, టైమ్ కలిసొస్తుంది అంటున్నాడు. 8 ఎంఎం తీసుకోవాలా, 10 ఎంఎం తీసుకోవాలా? ఏడాదిలో ఆరు నెలలు మా అత్తగారు నెల్లూరు నుంచి వచ్చి మాతోనే ఉంటారు. ఆవిడకి 70 దాటాయి, గాజు తలుపంటేనే భయపడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క పని చేయండి. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి కొలత ఇప్పుడు వద్దని చెప్పండి. టైల్స్ అంటించి, వాటి మధ్య సందులు నింపే గ్రౌటింగ్ అయి, ఆరాకే టేపు తీయాలి.

ఎందుకంటే షవర్‌కి వాడేది టఫన్డ్ గ్లాస్. మామూలు గాజును కావలసిన సైజుకి కోసి, అంచులు పాలిష్ చేసి, బందులకీ హ్యాండిల్‌కీ కావలసిన రంధ్రాలన్నీ వేసి, ఆ తర్వాత కొలిమిలో 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది, లోపలి పొర నెమ్మదిగా చల్లారుతూ పైపొరను లోపలికి లాగి పట్టుకుంటుంది. ఆ బిగువు వల్లే అది మామూలు గాజు కన్నా నాలుగు రెట్లు దాకా బలంగా ఉంటుంది, పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. కానీ ఒకసారి ఆ కొలిమిలోంచి బయటికి వచ్చాక దాన్ని కోయలేం, అరగదీయలేం, ఒక్క రంధ్రం కూడా వేయలేం. అర అంగుళం ఎక్కువైనా మొత్తం గ్లాస్ వృథా.

మా ఇంట్లో జరిగింది ఇదే. ఫిట్టర్ గోడ పూత మీద కొలత తీసుకుని వెళ్ళాడు. ఆ తర్వాత టైలు మందం, దాని వెనక సిమెంటు కలిపి ఒక్కో వైపు దాదాపు 2 సెంటీమీటర్లు లోపలికి వచ్చింది, రెండు వైపులా కలిపితే 4. గ్లాస్ వచ్చిన రోజు ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని ఎత్తిపట్టి లోపలికి జరుపుతుంటే తెల్లటి టైలుకి ఆనుకుని ఆకుపచ్చటి గాజు అంచు ఆగిపోయింది, ఇంక కదల్లేదు. ఆ గ్లాస్ నాలుగు నెలలు మా బాల్కనీలో దుప్పటి కప్పుకుని నిలబడింది. కొత్తదానికి మళ్ళీ డబ్బు కట్టాం. తప్పు నాది కూడా, ఎందుకు తొందర అని నేను అడగలేదు. టైల్స్ అయ్యాక కొలత ఇస్తే గ్లాస్ రావడానికి మామూలుగా వారం పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ తలుపు లేకుండా స్నానం చేయొచ్చు, ఇన్నేళ్ళూ చేశాం కదా.

కొలత తీసేటప్పుడు మీరు పక్కనే ఉండండి. కింద, మధ్యలో, పైన అని మూడు చోట్ల వెడల్పు కొలవాలి. పాత ఫ్లాట్లలో గోడలు నిలువుగా ఉండవు, మీ ఇంట్లోనే ఒక దారానికి చిన్న బరువు కట్టి గోడ పక్కన పైనుంచి వేలాడదీసి చూడండి, ఏడడుగుల ఎత్తులో సెంటీమీటరు తేడా రావడం మామూలే. అది తెలియకుండా నాలుగు మూలలూ సమంగా ఉన్న గ్లాస్ చేయిస్తే పైన గోడకి రాసుకుంటుంది, కింద వేలు పట్టేంత సందు ఉంటుంది, నీళ్ళన్నీ అక్కడినుంచే బయటికి వస్తాయి.

ఇక మందం సంగతి. దీనికి లెక్క తేలిక. ఒక చదరపు మీటరు గ్లాస్ ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న తలుపు 8 ఎంఎం అయితే దాదాపు 30 కిలోలు, 10 ఎంఎం అయితే 38 కిలోలు, 12 ఎంఎం అయితే 45 కిలోలు. ఈ బరువంతా రెండు బందుల మీద, ఆ బందులు గోడలోకి దిగిన నాలుగైదు స్క్రూల మీద వేలాడుతుంది. అందుకని ముందు అడగాల్సింది గ్లాస్ ఎంత మందం అని కాదు, ఆ బందులు ఎన్ని కిలోలు మోస్తాయి, వెనక గోడ దేనితో కట్టింది అని. నా సలహా అడిగితే మీ సైజుకి 8 ఎంఎం సరిపోతుంది. తలుపు వేసినప్పుడు ఊగకుండా గట్టిగా ఉండాలనిపిస్తే 10 ఎంఎం తీసుకోండి. 12 ఎంఎం మీకు అక్కర్లేదు, ఎవరైనా అంటగట్టాలని చూసినా వద్దనండి.

గోడ సంగతి టైల్స్ అంటించకముందే తేల్చుకోవాలి. మీ ఫ్లాట్ వయసునిబట్టి సిమెంటు దిమ్మెల గోడ అయ్యుండొచ్చు, ఆ దిమ్మె గట్టిదైతే ఇబ్బంది లేదు. లోపల బోలుగా ఉన్న దిమ్మె అయినా, తేలికపాటి ఏఏసీ బ్లాకు అయినా బందులు వచ్చే చోట ముందుగానే కాంక్రీటు నింపించండి. అలాగే పైపులు గోడలో పూడ్చాక, ప్లాస్టరింగ్ చేయకముందు, పక్కన టేపు పెట్టి ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. ఆర్నెల్లు పోయాక బందు కోసం డ్రిల్ పెడితే వేడినీళ్ళ పైపు పగిలిన ఇళ్ళు నేను చూశాను. నేల మీద మాత్రం ఒక్క స్క్రూ కూడా దించనివ్వకండి, టైలు కింద వాటర్‌ప్రూఫింగ్ పొర ఉంటుంది, దానికి చిల్లు పడితే కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ మీద మరక తేలుతుంది, అక్కడినుంచి మొదలయ్యే గొడవ ఒక పట్టాన తేలదు. గ్లాస్ కూర్చోవడానికి కింద లోహపు చానెల్ కావాలంటే సిలికాన్‌తో అంటించమనండి.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఆవిడ భయాన్ని తీసిపారేయకండి. నాకైతే ఈ మొత్తం ఉత్తరంలో ముఖ్యమైన మాట అదే అనిపించింది. ఆవిడ స్నానం ఎలా చేస్తారు? షవర్ కింద నిలబడా, స్టూలు వేసుకుని బకెట్టూ చెంబుతోనా? శనివారం నూనె రాసుకుని, కుంకుడుకాయ రసంతో తలంటుకుంటారా? పక్కన ఎవరైనా నిలబడి నీళ్ళు పోయాలా? మన ఇళ్ళలో స్నానం అంటే ఇంత ఉంది. మూడడుగుల గాజు పెట్టెలో స్టూలు, బకెట్టు, మనిషి, ఇంకో మనిషి పట్టరు. కేటలాగ్‌లో ఫోటో చూసి ఎంచుకున్న తలుపు చాలా ఇళ్ళలో రెండో నెలకే ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

అందుకని మీకు నేను చెప్పేది ఇది. అయిదడుగుల వెడల్పులో రెండున్నర అడుగులకి కదలని గ్లాస్ పార్టిషన్ మాత్రం ముందు పెట్టించండి, మిగతా రెండున్నర అడుగులూ ఖాళీగా వదిలేయండి. షవర్‌ని ఆ ఖాళీ వైపు కాకుండా పార్టిషన్ వెనక గోడకి పెట్టించండి. రెండు నెలలు అందరూ వాడండి, నీళ్ళు ఎక్కడిదాకా చిమ్ముతున్నాయో, అత్తగారికి ఎలా వీలుగా ఉందో తెలుస్తుంది. అప్పటికీ తలుపు కావాలనిపిస్తే ఎదురు గోడకి బందులు వేసి తలుపు పెట్టించుకోవచ్చు, పార్టిషన్‌ని ముట్టుకోనక్కర్లేదు. అదే తలుపు బందులు పార్టిషన్ గాజుకే వేయాలంటే దానికి ముందే కోతలు పెట్టించి ఉండాలి, తర్వాత కుదరదని పైన చెప్పాను కదా. ఆ ఎదురు గోడలో బందుల చోటు మాత్రం ఇప్పుడే గట్టి చేయించి ఉంచుకోండి.

తలుపు పెడితే అది బయటికి తెరుచుకోవాలి, ఈ విషయంలో రాజీపడకండి. లోపల పెద్దావిడ జారిపడితే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆవిడే అడ్డం అవుతారు, సాయానికి వెళ్ళేవాళ్ళు తలుపు తోయలేరు. స్లైడింగ్ తలుపు మీ వెడల్పులో రెండడుగుల చిల్లర దారే ఇస్తుంది, కింద పట్టాలో సబ్బు మురికి చేరుతుంది. దారిలో గట్టు కట్టించకండి, కాలు తట్టుకుంటుంది. దాని బదులు స్నానం చేసే భాగాన్ని అర అంగుళం పల్లం చేసి, అడుగుకి కనీసం 3 మిల్లీమీటర్ల వాటం ఇప్పించండి. గ్లాస్ కూర్చునే గీత దగ్గర సన్నటి గ్రానైట్ పట్టీ మట్టంగా వేయిస్తే గ్లాస్ అడుగు వంకర కోయనవసరం ఉండదు. మీ టైల్స్ మేస్త్రి అనంతపురం, హిందూపురం వైపువాడైతే, బెంగళూరులో అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, 'వాటం' అన్న ఒక్క మాట చాలు, అతనికి అంతా అర్థమైపోతుంది. ఇంకో మాట, గ్లాస్ తలుపు హ్యాండిల్ పట్టుకుని లేవడం అత్తగారికి అలవాటు కానివ్వకండి. స్టూలు పక్కన గోడకి విడిగా ఒక స్టీలు పట్టుకడ్డీ వేయించండి. గ్లాస్ మీద పెట్టే ఖర్చులో అది ఎన్నో వంతో, ముందు అది చేయించండి.

ప్రశ్న: కేఆర్ పురంలో ఉంటాం. బోరు నీళ్ళు. షవర్ గ్లాస్ పెట్టించి ఏడాది కాలేదు, అంతా తెల్లటి మచ్చలు, పొర కట్టేసింది. యాసిడ్ పోసి కడిగితే పోతుందని మా పనమ్మాయి అంటోంది. నీళ్ళ టీడీఎస్ చూపించాం, 800 వచ్చింది. కోటింగ్ వేయించమంటారా?
— ఒక పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: యాసిడ్ వద్దండి, దయచేసి వద్దు. బాత్రూమ్ యాసిడ్ గ్రౌట్‌ని తినేస్తుంది, బందుల మీది పూతని పాడుచేస్తుంది, ఆ గాలి ఊపిరితిత్తులకి హాని. పొరపాటున బ్లీచింగ్‌తో కలిసిందంటే విషవాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి వస్తుంది.

ఆ మచ్చలు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. గ్లాస్ మీద చుక్క నిలుస్తుంది, నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. రేపు దాని మీదే ఇంకో చుక్క. దానికి సబ్బు తోడైతే జిడ్డు తెట్టు కడుతుంది, కఠినజలంలో సబ్బు నురగ రాదు చూడండి, ఆ నురగ బదులు వచ్చే తెట్టే ఇది. మనవాళ్ళ నూనె, సున్నిపిండి కూడా చేరితే ఇక చెప్పనక్కర్లేదు.

మీరు చూపించింది టీడీఎస్. అది నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి చెప్పే లెక్క, కాఠిన్యం వేరు. ల్యాబ్‌లో హార్డ్‌నెస్ అని విడిగా చూపించండి. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఎక్కువ ఉంటే ట్యాంకు దగ్గర సాఫ్టెనర్ పెట్టించుకోవడమే అసలు మందు. అది కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి స్థానంలో సోడియం వదులుతుంది, అందుకే సాఫ్టెనర్ పెట్టాక కూడా టీడీఎస్ పెద్దగా తగ్గదు, మోసపోయామని కంగారు పడకండి. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ మొదలై నగరం చుట్టూ ఉన్న 110 గ్రామాలకి నీళ్ళివ్వడం పెట్టుకున్నారు కదా, మీ అపార్ట్‌మెంట్‌కి ఆ కనెక్షన్ వచ్చే వీలుందేమో అసోసియేషన్‌లో అడగండి. బోరు నీళ్ళతో పోలిస్తే కావేరి నీళ్ళు గ్లాస్‌కి చాలా నయం.

ఇప్పుడున్న పొరకి తెల్ల వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి గుడ్డ తడిపి గ్లాస్‌కి అంటించి పది నిమిషాలు ఉంచండి, మెత్తటి స్పాంజితో రుద్ది కడిగేయండి. నేల మార్బుల్ అయితే ఒక్క చుక్క పడనివ్వకండి, వెనిగర్ మార్బుల్‌ని తినేస్తుంది. స్టీలు పీచు వాడొద్దు. రెండు మూడుసార్లు చేసినా పోని మసక ఉంటే అది ఉప్పు కాదు, గాజే గరుకుబారిందని అర్థం. దాన్ని పాలిష్ చేసేవాళ్ళతో చేయించాలి, అయినా పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకండి.

కోటింగ్ వేయించుకోవచ్చు. నీళ్ళు నిలవకుండా జారిపోతాయి, తుడవడం తేలికవుతుంది, కానీ తుడవడం మాత్రం తప్పదు, కొన్నాళ్ళకి ఆ కోటింగూ అరిగిపోతుంది. నా మాట వింటే గ్లాస్ పక్కన గోడకి ఒక రబ్బరు వైపర్ తగిలించండి. స్నానం చేసి ఒళ్ళు తుడుచుకోకముందే పైనుంచి కిందికి నాలుగు గీతలు లాగాలి, చివరికి కింద గ్లాస్ అంచుకి తొడిగిన గ్యాస్కెట్ పట్టీ మీద వరసగా నిలిచిన చుక్కల్ని కూడా గుడ్డతో తీసేయాలి, ఉప్పు ముందు గడ్డకట్టేది అక్కడే. అరనిమిషం పని. ఇంట్లో ఆఖరున స్నానం చేసినవాళ్ళు చేస్తే చాలు.

ఇంకా కొనబోయేవాళ్ళకి ఒక మాట: బోరు నీళ్ళున్న ఇంట్లో నల్ల రంగు ఫిట్టింగులు తీసుకోకండి, తెల్ల ఉప్పు వాటి మీదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గీతల గ్లాస్ తీసుకుంటే నున్నటి వైపు స్నానం చేసే వైపుకి రావాలి.

ప్రశ్న: రాత్రి రెండింటికి పెద్ద శబ్దం. వెళ్ళి చూస్తే షవర్ తలుపు మొత్తం పొడిపొడిగా నేల మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అప్పటినుంచి పిల్లల్ని స్నానానికి పంపాలంటే టెన్షన్. ఎందుకిలా అవుతుంది?
— ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: ఎవరికీ దెబ్బ తగలనందుకు ముందు ఊపిరి పీల్చుకున్నానమ్మా. ఇది అరుదుగా జరిగేదే, కానీ జరుగుతుంది. రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, గాజు తయారీలోనే నికెల్ సల్ఫైడ్ రేణువు ఒకటి లోపల ఉండిపోవడం. కంటికి ఆననంత చిన్నది. కాలం గడిచేకొద్దీ అది ఉబ్బుతుంది, బిగుసుకుని ఉన్న గాజు లోపలినుంచి ఒక్కసారిగా విడిపోతుంది. రెండోది, అంచు. టఫన్డ్ గ్లాస్‌ని మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది కానీ మూల మీద టైలు తగిలితే తట్టుకోదు. బిగించేటప్పుడు అంచు చిన్నగా పెచ్చు లేచినా, బందుకీ గాజుకీ మధ్య రబ్బరు పెట్టకుండా స్క్రూ బిగించినా ఆ దెబ్బ నెలల తర్వాత బయటపడొచ్చు.

పలుకులు ఇంకా ఉంటే చూడండి, పగలడం మొదలైన చోట సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు పక్కపక్కన ఉంటే అది నికెల్ సల్ఫైడ్ గుర్తు. చెప్పులు లేకుండా అడుగుపెట్టకండి, జాలీ మూత తీసి అందులో పడ్డ పలుకులు కూడా తీయించండి.

కొత్తది చేయించేటప్పుడు హీట్ సోక్ టెస్ట్ అయిన గ్లాస్ అడగండి. టఫనింగ్ అయ్యాక మళ్ళీ పొయ్యిలో గంటల తరబడి వేడిలో ఉంచుతారు, అలాంటి రేణువున్న గ్లాస్ అక్కడే పగిలిపోతుంది, మీ ఇంటిదాకా రాదు. ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. మీకు పిల్లల భయం ఉంది కాబట్టి లామినేటెడ్ టఫన్డ్ తీసుకోమంటాను. రెండు గాజుల మధ్య పొర ఉంటుంది, పగిలినా ఆ పొరకే అతుక్కుని ఉంటుంది. ఖర్చు ఎక్కువ, బందులు కూడా ఆ మందానికి తగ్గవి తీసుకోవాలి. అంత ఖర్చు వద్దనుకుంటే టఫన్డ్ గ్లాస్‌కి బయటివైపు సేఫ్టీ ఫిల్మ్ వేయించండి. బిగించే రోజు గ్లాస్‌ని నేరుగా టైలు మీద నిలబెట్టనివ్వకండి, కింద అట్టో చెక్కో వేయమనండి.

ప్రశ్న: మూడు షాపుల్లో క్వొటేషన్ తీసుకున్నాం, మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. ఏది నమ్మాలి? అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అంటారు, నిజమేనా? బిగించిన రోజే వాడొచ్చా?
— ఒక పాఠకుడు, బీటీఎం లేఅవుట్

జవాబు: చదరపు అడుగు రేటు చూసి పోల్చకండి. కొన్ని షాపుల్లో కొలతని పైకి రౌండ్ చేసి వేస్తారు, కొన్ని చోట్ల రంధ్రాలకీ, కోతలకీ, అంచు పాలిష్‌కీ విడివిడిగా వేస్తారు. బందులు, గ్యాస్కెట్లు, బిగింపు, రవాణా, జీఎస్టీ అన్నీ కలిపి చేతికి ఎంత అని మూడు చోట్లా ఒకే ప్రశ్న అడగండి. కొలత తప్పితే కొత్త గ్లాస్ ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించండి. కొలత వాళ్ళే వచ్చి తీసుకుంటే బాధ్యత వాళ్ళది, మీరు ఫోన్‌లో చెప్పిన కొలతకి మీదే.

అయస్కాంతం పరీక్ష నమ్మకండి. తేలిగ్గా తుప్పు పట్టని 304 రకం స్టీలుకి అది పెద్దగా అంటుకోని మాట నిజమే, కానీ ఇత్తడికీ అంటుకోదు, చవక జింక్ మిశ్రమానికీ అంటుకోదు. తడి తగిలే చోట జింక్ బందులు పూత లేచి పొక్కుతాయి. 304 స్టీలో, గట్టి ఇత్తడో అని బిల్లులో రాయించుకోవడమే మార్గం. గ్లాస్ మూలలో టఫన్డ్ ముద్ర ఉందో లేదో చూడండి, భద్రతా గాజుకి మన ప్రమాణం ఐఎస్ 2553 ప్రకారం చేసిందేనా అని అడగండి. ముద్ర లేని గ్లాస్‌ని లోపలికి రానివ్వకండి.

సిలికాన్ ఆరడానికి కనీసం ఒక రోజు పూర్తిగా వదలాలి. బిగించేటప్పుడు పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది ఎసిటిక్ రకం, మార్బుల్‌కీ లోహాలకీ మంచిది కాదు. న్యూట్రల్ రకం, బూజు పట్టని శానిటరీ గ్రేడ్ వాడమని ముందే చెప్పండి, డబ్బా మీద పేరు చదివి చూసుకోండి. ఒక రోజు గడిచాక ముందు చెంబుతో గ్లాస్ అంచుల మీద నీళ్ళు పోసి, బయటివైపు పొడి కాగితం పరిచి చూడండి. కాగితం తడిస్తే ఫిట్టర్‌కి పూర్తి డబ్బు ఇవ్వకముందే పిలిపించి చూపించండి.